కాలు ఆనే దాకా

  చలికాలంలో పొద్దున ఏడున్నరకి ఏ వీధి చివర నిలబడినా బళ్ల మీద బడికి పోయే పిల్లలు కనబడతారు. మంకీ క్యాపులు, స్వెట్టర్లు, వీపున పుస్తకాల సంచి, ఇంకా తీరని నిద్ర. వాళ్లని చూసినప్పుడల్లా ఈ సంగతి మీతో మాట్లాడాలనిపిస్తుంది. పిల్లల్ని బండి వెనక ఎక్కించుకోవడానికి ఎన్నేళ్లు రావాలంటారు?

ఎవర్ని అడిగినా రెండు రకాల జవాబులొస్తాయి. "మా వాణ్ణి ఆసుపత్రి నుంచే బండి మీద తెచ్చుకున్నాం, ఏమైంది?" అనేవాళ్లు కొందరు. "పదేళ్లొచ్చేదాకా ఆ ఊసే వద్దు" అనేవాళ్లు కొందరు. మొదటివాళ్ల మాట నేను ఒప్పుకోను. ఏమీ కాకపోవడం వాళ్ల అదృష్టం, అంతే. రెండోవాళ్లది మంచి మాటే. కానీ ఇంటికంతటికీ ఉన్నది ఒక్క బండే అయినవాళ్లు ఆ మాట విని ఏం చేసుకోవాలి? మన ఊళ్లలో అలాంటి ఇళ్లే ఎక్కువ. వాళ్లకి పనికొచ్చే జవాబు కావాలి.

చట్టం సంగతి ముందు చెప్పేస్తాను. బండి వెనక కూర్చోవడానికి ఇన్నేళ్లుండాలని మన చట్టం ఎక్కడా చెప్పలేదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు నాలుగేళ్లు దాటిన ప్రతి మనిషికీ హెల్మెట్ తప్పనిసరి అన్నారు. అంతకంటే చిన్నవాళ్ల కోసం 2022 ఫిబ్రవరిలో వేరే నియమం తెచ్చి, ఏడాది గడువిచ్చి, 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో పెట్టారు. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల దాకా పిల్లలకి తలకి సరిపడే హెల్మెట్ పెట్టాలి. బిడ్డకి చొక్కాలా తొడిగి, దాని పట్టీలు బండి నడిపేవాళ్ల భుజాలకి తగిలించుకునే బెల్టు తొడుగు వాడాలి. బండి గంటకి 40 కిలోమీటర్లు దాటకూడదు. ఇలాంటి నియమం ఒకటుందని తెలిసిన అమ్మానాన్నలు నాకు బహు అరుదుగా తగిలారు.

40 అంటే నెమ్మదే కదా అనుకుంటాం. లెక్క వేసి చూడండి. ఆ వేగంలో దేన్నైనా గుద్దుకుంటే, ఆరు మీటర్ల ఎత్తు నుంచి, అంటే రెండంతస్తుల మేడ మీంచి కింద పడ్డంత దెబ్బ. బండి సెకనులో పదోవంతు కాలంలో ఆగిపోయిందనుకోండి, 15 కిలోల బిడ్డ ఆ క్షణాన దాదాపు 170 కిలోల బలంతో ముందుకు పోతుంది. ఒళ్లో గట్టిగా పట్టుకున్నానుగా అనే అమ్మ చేతులకి అంత శక్తి ఎక్కణ్ణుంచి వస్తుంది? పసివాళ్లని ఒళ్లో పెట్టుకుని ఒక పక్కకి తిరిగి కూర్చుని వెళ్లే తల్లుల్ని చూస్తే నా ప్రాణం గిలగిల్లాడేది ఇందుకే. తొమ్మిది నెలల లోపు బిడ్డకైతే ఆటో ఖర్చు దండగ అనుకోకండి. మెడ సరిగ్గా నిలవని బిడ్డని బండెక్కించకూడదు. ఇందులో నాకు రెండో మాట లేదు.

మళ్లీ వయసు మాటకొస్తే, మనవాళ్లు ఎక్కువగా ఉండే అమెరికా రాష్ట్రాల్లో, టెక్సాస్‌లోనూ వాషింగ్టన్‌లోనూ, ఐదేళ్ల లోపు పిల్లల్ని బైకు వెనక ఎక్కించుకోకూడదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో ఎనిమిదేళ్లు రావాలి. కాలిఫోర్నియాలో వయసు లెక్కే లేదు. బండి కదులుతున్నంతసేపూ వెనక కూర్చున్నవాళ్ల పాదాలు ఫుట్‌రెస్ట్ మీద ఉండాలి అని మాత్రం ఉంది. వీటన్నిట్లో నాకు ఎక్కువ నచ్చింది ఇదే. పుట్టినరోజు అందరికీ ఏడాదికోసారి వస్తుంది గానీ కాళ్లు అందరికీ ఒకేలా పెరగవు కదా.

కాబట్టి వయసు అడగడం పక్కనబెట్టి బండిని సెంటర్ స్టాండ్ వేసి పిల్లని ఎక్కించి చూడండి. సీటు మీద వెనక్కి సర్దుకుని కూర్చోవాలి. మోకాలు కొంచెం మడిచి ఉండగానే అరికాలు మొత్తం ఫుట్‌రెస్ట్ మీద ఆనాలి. బొటనవేలు తగిలితే చాలదు. స్పీడ్ బ్రేకర్ మీద బండి ఎగిరినప్పుడు పెద్దవాళ్లం మనకి తెలియకుండానే పాదాల మీద బరువు మోపి నడుం కాస్త పైకి లేపుతాం. కాలు ఆనని పిల్లకి ఆ వీలు లేదు. బండి ఎగిరితే తనూ ఎగురుతుంది, ఎక్కడ పడుతుందో తెలియదు. నేను చూసినంతలో కాలు ఇలా ఆనడం కొందరికి ఏడేళ్లకి, కొందరికి తొమ్మిదికి కుదురుతుంది. పొట్టిగా ఉండే పిల్లలకి ఇంకాస్త ఆలస్యం. తొందరపెట్టి లాభం లేదు.

వేలాడే కాలికి ఇంకో గండం ఉంది. చక్రం పుల్లలు. మడమ వెనక చర్మం పలచన, దాని కింద కండ ఉండదు, నరమూ ఎముకా అక్కడే ఉంటాయి. తిరిగే చక్రంలో కాలు పడితే చర్మం ఊడి వస్తుంది, మానడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి తొడ నుంచి చర్మం తీసి అతకాల్సి వస్తుంది. బండికి వెనక కూర్చునేవాళ్లకి పట్టుకునే కడ్డీ, కాళ్లకి ఆసరా, వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే అడ్డు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోనే రాసి ఉంది. మనం శారీ గార్డు అంటామే, అది. కుర్రాళ్లు బండి అందంగా ఉండదని దాన్ని పీకించేస్తుంటారు. పిల్లలున్న ఇంట్లో దాన్ని తిరిగి బిగించుకోండి. చీరలకే కాదు, చిన్న పాదాలకీ చున్నీలకీ అదే కాపలా.

కుడిపక్క సైలెన్సర్ ఉంటుంది. మన బళ్లలో చాలావాటికి అటే. అందుకని ఎక్కడం, దిగడం ఎప్పుడూ ఎడమవైపు నుంచే అని మొదటి రోజే అలవాటు చేయండి. పిక్క మీద సైలెన్సర్ మచ్చ ఉన్న పెద్దవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. పొరపాటున కాలితే టూత్‌పేస్టు, సిరా పూయకండి. కుళాయి కింద ఇరవై నిమిషాలు ధారగా చల్లటి నీళ్లు పోయండి.

ఇక చేతులు. "గట్టిగా పట్టుకో" అంటాం గానీ దేన్ని పట్టుకోవాలో చెప్పం. చిన్న చేతులు నాన్న నడుం చుట్టూ అందవు, చొక్కా పట్టుకుంటే జారిపోతుంది. ప్యాంటు బెల్టుని రెండు వైపులా పట్టుకోమనండి, లేదా నడిపేవాళ్లే పిల్లలు పట్టుకోవడానికి వీలుగా నడుముకి గట్టి బెల్టు కట్టుకోండి. పుస్తకాల సంచి మాత్రం పిల్ల వీపున వద్దు. అది వెనక్కి లాగుతుంది. మీ ఇద్దరి మధ్యా వద్దు, అది పిల్లని సీటు చివరికి తోస్తుంది. స్కూటర్ అయితే ముందు కొక్కేనికి తగిలించండి.

బండి ముందుభాగం మాటొచ్చింది గనక చెబుతాను. ట్యాంకు మీద కూర్చోబెట్టుకోవడం, స్కూటర్‌లో హ్యాండిల్ వెనక నిలబెట్టడం మన ఊళ్లో ఎంత మామూలో మీకు తెలుసు. బిడ్డ కళ్ల ముందుంటుంది, చేతుల మధ్య ఉంటుంది, అందుకే క్షేమం అనిపిస్తుంది. ఆ ప్రేమని నేను తప్పు పట్టను. కానీ గట్టిగా బ్రేకు పడితే ఆ బిడ్డ ముఖం వెళ్లి తగిలేది మీటరుకీ అద్దానికీ. వెనక నుంచి మీ బరువంతా బిడ్డ మీద పడుతుంది. చట్టం ప్రకారం కూడా సీటు నడిపేవాళ్ల వెనకే ఉండాలి. ఇంకోటి, దీన్ని ఎంత చెప్పినా తక్కువే. స్కూటర్ ఆన్‌లో ఉండగా, మీరు పాలప్యాకెట్‌కి డబ్బులిస్తూ ఒక చెయ్యి వదిలారనుకోండి. నిలబడ్డ పిల్లాడు పట్టు కోసం పట్టుకునేది యాక్సిలరేటర్‌నే. గేర్లు లేని బండి ఒక్కసారి ముందుకు దూకుతుంది. పిల్లలు దగ్గరున్నప్పుడు బండి ఆగిందంటే తాళం తిప్పేయాలి. అర నిమిషం పనికైనా సరే.

అన్నిటికంటే నన్ను ఎక్కువ భయపెట్టేది నిద్ర. బండి ఊపు, ఇంజిన్ చప్పుడు, ముఖానికి గాలి, వీటికి పిల్లలు ఎంత తొందరగా కునుకుతారో! పెళ్లి భోజనం చేసి రాత్రి పదకొండుకి బయల్దేరతాం. మొదటి రెండు వీధులు కబుర్లు చెప్పిన పిల్ల మూడో వీధికి మౌనంగా ఉంటుంది. నాన్నకి వీపు మీద తల ఆనినట్టు తెలుస్తుంది, ముద్దొస్తుంది కూడా. అదే అసలు ప్రమాదం. నిద్రలో పట్టు వదిలేస్తుంది, ఏ మలుపులోనో పక్కకి వాలిపోతుంది. మెలకువగా ఉండలేని వేళకి ఏ వయసు పిల్లైనా బండికి సిద్ధంగా లేనట్టే. పగలు వెనక కూర్చోగలిగిన పదేళ్ల పిల్లాడు కూడా జ్వరం వచ్చినప్పుడు, వాంతులైనప్పుడు, రాత్రి పొద్దుపోయాక కూర్చోలేడు. ఇందాక చెప్పిన బెల్టు తొడుగు ఈ జారిపోవడాన్ని ఆపుతుంది, అందుకే అది కొనదగ్గదే. కానీ బండే పడిపోతే అది కాపాడదు. అది ఉంది కదా అని వేగం పెంచకండి.

మా అక్క మనవరాలికి మేం దారిలో మాట్లాడుతూ ఉండటం నేర్పాం. తను కనబడే బోర్డులు చదవాలి, వాళ్ల నాన్న ఊఁ కొట్టాలి. గొంతు ఆగిందంటే బండి పక్కకి ఆపేస్తాడు. వీపు మీద రెండుసార్లు తడితే "ఆపు" అని గుర్తు. ఎందుకు తట్టావని దబాయించకూడదన్నది వాళ్ల నాన్న తనకి తాను పెట్టుకున్న షరతు. ఆ పిల్ల కోతి బొమ్మల దుకాణం కోసం కూడా ఆపించింది, ఆపాడు. అలా ఆపాడు గనకే చెప్పు జారినప్పుడు నిజంగా తట్టింది.

మాట వినడమంటే నాకర్థమయింది ఇదే. చెప్పింది చేయడంతోపాటు, తనకి బాగాలేనప్పుడు చెప్పడం కూడా రావాలి. మలుపులో బండి వాలినప్పుడు నాన్నతోపాటు వాలాలి. భయపడి రెండోవైపు ఒరిగితే బండి అదుపు తప్పుతుంది. దీన్ని ఆదివారం పొద్దున కాలనీ ఖాళీ వీధిలో, నడక వేగంలో నేర్పొచ్చు. అప్పుడు పిల్లవాడెవరైనా "నాకు భయంగా ఉంది" అంటే నమ్మండి. పిరికివాడివి అనకండి. ఆర్నెల్ల తర్వాత వాడే ఎక్కుతానంటాడు.

హెల్మెట్ గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. అప్పుడే పుట్టిన బిడ్డ పొడవులో నాలుగోవంతు తలే. పెద్దయ్యేసరికి అది ఎనిమిదోవంతుకి దగ్గరపడుతుంది. అంటే చిన్నపిల్లలది పెద్ద తల, సన్నటి మెడ. నాన్న హెల్మెట్ ఆ తలకి పెడితే రెండు నష్టాలు. బరువుకి మెడ వాలుతుంది, వదులుకి పడ్డప్పుడు ఊడిపోతుంది. నాలుగైదేళ్ల పిల్లల తల చుట్టుకొలత సుమారు 50 సెంటీమీటర్లు ఉంటుంది. కుట్టు టేపుతో కనుబొమల పైనుంచి కొలిచి, పిల్లని వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లండి. ఐఎస్‌ఐ గుర్తు చూడండి. పట్టీ పెట్టాక తల ఊపమనండి, హెల్మెట్ తలతోపాటు కదలాలి. తల తిరిగి హెల్మెట్ తిరక్కపోతే పక్కన పెట్టేసి ఇంకోటి అడగండి. గడ్డం కింద పట్టీకీ చర్మానికీ మధ్య రెండు వేళ్లకంటే సందు ఉండకూడదు. పట్టీ పెట్టని హెల్మెట్ ఎంత ఖరీదుదైనా లేనట్టే.

మరి నలుగురున్న ఇంటికి ఒకే బండి ఉంటే? మీరు అడుగుతారని తెలుసు. 2023 జూన్‌లో కేరళలో రోడ్ల మీది కెమెరాలతో జరిమానాలు మొదలైనప్పుడు ఇదే గొడవ లేచింది. అమ్మానాన్నల మధ్య కూర్చున్న పిల్లని మూడో మనిషిగా లెక్కించవద్దని ఆ రాష్ట్రం కేంద్రాన్ని అడిగింది, కేంద్రం కుదరదంది. బీద ఇంటి బాధ నాకు తెలియక కాదు గానీ, ఈ విషయంలో కేంద్రం మాటే సరైనదంటాను. నడిపేవాళ్ల వెనక ఒక్కరే ఉండాలి. ముగ్గురు కూర్చుంటే మధ్యలో ఉన్న పిల్లకి కాలు ఆన్చుకోవడానికి చోటే ఉండదు, అది అమ్మ పాదాల చోటు. చివర కూర్చున్న అమ్మ సగం గాల్లో ఉంటుంది. 2022లో దేశంలో రోడ్ల మీద పోయిన 1,68,491 ప్రాణాల్లో నూటికి 44కి పైగా రెండు చక్రాల బళ్ల మీదివే.

చేయగలిగింది ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో చాలా రకాల సర్వీసుల్లో టిక్కెట్టుకి డబ్బులు కట్టక్కర్లేదు. అమ్మా కూతురూ బస్సెక్కి, నాన్నా కొడుకూ బండి మీద వెళ్లొచ్చు. ఫంక్షన్ హాలు దగ్గరే అయితే నాన్న రెండు సార్లు తిరగొచ్చు. ముహూర్తానికి పావుగంట ఆలస్యమైతే బంధువులు ఏమీ అనుకోరు, అనుకున్నా ఫర్వాలేదు.

ఇంకో చిన్న పని. జూన్‌లో బడి తెరిచేముందు యూనిఫాం కొలతలు ఎలాగూ చూస్తారు కదా, అప్పుడే పిల్లని బండి మీద కూర్చోబెట్టి పాదాలు మళ్లీ చూడండి, హెల్మెట్ మళ్లీ పెట్టి చూడండి. బిగుతైతే కొత్తది కొనండి. పాతదాన్ని పిన్నిగారి పిల్లలకి ఇద్దామనుకుంటే, అది ఎప్పుడైనా గట్టి దెబ్బ తిన్నదేమో గుర్తు తెచ్చుకోండి. లోపలి థర్మోకోల్ పొర ఒకసారి నలిగితే మళ్లీ దెబ్బని ఆపలేదు, పైకేమో కొత్తదానిలా కనబడుతుంది. అలాంటిదాన్ని ఎవరికీ ఇవ్వకండి, పట్టీ కత్తిరించి పారేయండి.