దేవిడీ మాది కాదు

1948 సెప్టెంబరు మాటెత్తితే మా దాదీమా తలుపు గొళ్లెం పెట్టేది. "పోలీస్ యాక్షన్‌ల..." అని మొదలుపెట్టి ఆగిపోయేది. ఆ తర్వాత పుట్టిన మేం ఆ సగం మాటతోనే పెరిగాం.

మిగతా సగం కోసం జీలానీ బానో 'ఐవానె గజల్' (1976) పట్టుకున్నా. బదాయూన్‌లో పుట్టి హైదరాబాదులో పెరిగిన ఆమెకు అప్పుడు పన్నెండేళ్ళు. కూలిపోయే దేవిడీ, అందులో నలిగిపోయే చాంద్, గజల్, బయట తెలంగాణ రైతుల పోరాటం. నవాబుల దర్పాన్ని ఉతికి ఆరేసింది, బాగుంది. కానీ మా దాదా జట్కా తోలేవాడు. దేవిడీ గేటు దాటి లోపలికి పోయినోడు కాదు. అయినా బళ్ళో నన్ను 'నిజాం వారసుడా' అనేవాళ్ళు, ఇంట్లో రెండోపూట రొట్టె లేనప్పుడు కూడా.

దాదీమాకు చదువు రాదు. గజల్ కథ చదివి వినిపించా. మధ్యలో లేచి గొళ్లెం పెట్టొచ్చి, "ఊఁ, చదువు బేటా" అన్నది.