డోర్నకల్‌లో ఒక పూట

జనగామనుంచి మానుకోట కాలేజీకి బదిలీ అయి రెండేళ్లు. అయినా మా ఆవిడ నోట "మన ఊరు" అంటే జనగామే. మొన్న ఆదివారం ఇద్దరం సరదాగా డోర్నకల్ వెళ్లాం.

అక్కడి పెద్ద చర్చి చూడవలసిందే. పైన గుమ్మటాలు, మీనారులు. లోపల గుళ్లలో ఉండేలాంటి స్తంభాలు! 1939లో ప్రతిష్ఠ జరిగింది. కట్టించిన అజరయ్యగారు తిరునల్వేలి సీమ తమిళులు. 1909లో నైజాం ఇలాకాలోని ఈ ఊరు చేరి, భార్య అన్బుగారితో కాపురం పెట్టి, తెలుగు నేర్చుకుని, 1912లో బిషప్పయి, 1945లో ఇక్కడే కన్నుమూశారు.

"కొత్తలో ఆ తమిళ ఇల్లాలు ఉప్పూ చింతపండూ ఏ భాషలో అడిగిందో!" అన్నాను.

మా ఆవిడ మాట్లాడలేదు.

తిరుగురైల్లో నాకు కునుకు పట్టింది. తట్టి లేపింది:

"మన ఊరొచ్చింది, లేవండి."

కిటికీలోంచి చూశాను. మానుకోట స్టేషను!