అడవిపొలం పెంకులు

ముంబైలో మా అమ్మాయి వాళ్ళు కొన్న ఫ్లాటు లోయర్ పరేల్‌లో, ఇరవై మూడో అంతస్తు. ఒకప్పటి బట్టల మిల్లు స్థలం. కింద హాలులో పాత నూలు కండెలు గోడకు బిగించి, మిల్లు గొట్టం ఫొటో పెద్దది చేసి పెట్టారు. చూడటానికి బాగానే ఉంది. తెలంగాణ నుంచి వచ్చి ఈ మిల్లుల్లో పనిచేసిన మన పద్మశాలీలు, 1982 సమ్మెతో ఉపాధి పోగొట్టుకున్నవాళ్ళు మాత్రం ఆ గోడమీద ఎక్కడా లేరు.

"మీది ఫ్రెంచి యానాం కదా అంకుల్, లోపలంతా ఆ పద్ధతిలోనే చేద్దాం" అంది ఇంటీరియర్ డిజైనరు. ఆవిడ చూపిన బొమ్మల్లో షాండ్లియరు, ఈఫిల్ టవరు! యానాం శివారు అడవిపొలంలో మా నాన్నగారు చదువుకున్నది కిరసనాయిలు దీపం దగ్గర.

పోయిన సంక్రాంతికి ఊరు వెళ్ళాను. పాతిల్లు పడగొట్టి డాబా వేస్తానని, నా వాటా తేల్చుకోమని అన్నయ్య కబురు చేశాడు. ఇళ్ళ రుణాలకు విలువలు కట్టిన చెయ్యి కదా, మనసులోనే లెక్క వేశాను. తరుగుదల పోగా ఇంటికి సున్నా. ధర స్థలానికే.

పనివాళ్ళు పెంకులు దింపుతున్నారు. మనవైపు బెంగుళూరు పెంకంటాం గానీ అది మంగుళూరుది. 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు అక్కడ ఫ్యాక్టరీ పెట్టారు. ఒకదానిలో ఒకటి ఇమిడే ఆ రకం పెంకుకు 1841లో పేటెంటు పొందింది ఫ్రాన్సుకు చెందిన గిలార్డోని సోదరులు. అంటే డిజైనరమ్మ వెతుకుతున్న ఫ్రెంచి సరుకు ఇన్నాళ్ళూ మా నెత్తిమీదే ఉంది!

"మామ్మగారి పెళ్ళికి విడిది ఈ అరుగులమీదేనటయ్యా" అంది వదిన. 1930 ఏప్రిల్‌లో శారదా చట్టం అమలుకొచ్చి, పద్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకు పెళ్ళి చేయడం నేరమైంది. ఫ్రెంచి గడ్డమీద ఆ చట్టం చెల్లదు. అందుకని బ్రిటిషు ఊళ్ళవాళ్ళు పెళ్ళిళ్ళకు యానాం వచ్చేవారు. తాళ్ళరేవు నుంచి మా మామ్మనూ అలాగే తెచ్చారు. ఆమెకు తొమ్మిదేళ్ళు. తాళి కట్టేవేళకు నిద్రపోయానని చెప్పి నవ్వేది. మేమూ నవ్వేవాళ్ళం. ఈసారి ఆ అరుగుమీద కూర్చుంటే నవ్వు రాలేదు.

వాటా డబ్బు తీసుకున్నాను. దాచడమెందుకు, ఫ్లాటు లోపలి పనులకు అయిన ఖర్చులో సగం అదే. పన్నెండు పెంకులు గోనెసంచిలో చుట్టి కాకినాడలో రైలెక్కాను. రెండు దారిలో పగిలాయి. మిగతా పదీ గుమ్మం పక్క గోడకు అందంగా అమర్చింది డిజైనరు. వచ్చినవాళ్ళు అడిగితే అమ్మాయి గిలార్డోని కథ చెబుతోంది. మామ్మ కథ కూడా చెప్పమన్నాను.

గుమ్మం బయట చిన్న అరుగులా ఒక బల్ల వేయిద్దామనుకున్నాం. నడవాలో ఏమీ పెట్టకూడదని సొసైటీ నిబంధనట.