పాత కంప్యూటర్ పలికింది

మన హాస్టల్‌లో చదువుకుని, పూండి స్టేషన్‌లో రైలెక్కి వెళ్లిన అన్నలు ఎందరో. కొందరు హైదరాబాద్‌లో, కొందరు చెన్నైలో, కొందరు గల్ఫ్‌లో ఉన్నారు. వార్షికోత్సవానికి అందరినీ పిలవాలనుకున్నాం. కానీ చిరునామాలేవీ? రిజిస్టర్లు 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపానుకు తడిసి ముద్దయ్యాయి. ఆ పేర్లన్నీ స్టోర్ రూంలోని పాత కంప్యూటర్లో ఉన్నాయని వాచ్‌మన్ తాత చెప్పాడు. దాన్ని పాత ఇనుముతో పాటు తూకానికి వేసేద్దామని అప్పటికే అనుకున్నారట. వార్డెన్ సారు మాకు ఆదివారం వరకు గడువిచ్చారు.

అది విండోస్ 98 కంప్యూటర్. తెర వెలిగింది, జాబితా కనిపించింది. బయటికి తీసే దారే లేదు. ఫ్లాపీ డ్రైవు, యూఎస్‌బీ పోర్టులు ఉప్పుగాలికి తుప్పు పట్టాయి. సీడీ డ్రైవు చదువుతుందే గాని రాయదు. ఫోన్‌తో ఫొటోలు తీసి టైపు చేద్దామంటే, వందల పేర్లలో ఒక్క అక్షరం తప్పినా పిలుపు ఇంకొకరికి పోతుంది. ఇక మిగిలింది నెట్‌వర్క్ కార్డే. పక్కన పడి ఉన్న మరో కంప్యూటర్లోంచి రియల్‌టెక్ 8139 చిప్ ఉన్న పీసీఐ కార్డు దొరికింది.

తమ్ముళ్లకు పనికొస్తుందని మేం చేసింది వరుసగా రాస్తున్నాం. ముందు ప్లగ్ తీసేశాం. ఒంట్లోని స్థిర విద్యుత్తు పోవడానికి క్యాబినెట్ ఇనుమును ముట్టుకున్నాం. నల్లబడిన కార్డు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, స్లాట్‌లో నొక్కాం. డ్రైవర్‌ను పలాసలో సీడీ మీద రాయించి తెచ్చాం. పాత కంప్యూటర్‌కు 192.168.0.1, ట్యూటర్ గారి ల్యాప్‌టాప్‌కు 192.168.0.2 అని అడ్రసులిచ్చి, కేబుల్ కలిపాం. పూర్వం రెండు కంప్యూటర్లను నేరుగా కలపాలంటే క్రాస్ కేబుల్ కావాలి. ఇప్పటి గిగాబిట్ పోర్టులు వాటంతటవే సర్దుకుంటాయి.

తర్వాత పరీక్ష. 127.0.0.1కు పింగ్ కొడితే జవాబొచ్చింది. దాన్నిబట్టి కార్డు బాగుందనుకోకూడదు. ఆ జవాబు కంప్యూటర్ లోపలి సాఫ్ట్‌వేర్‌ది, కార్డు దాకా వెళ్లదు. కార్డు వెనక దీపం వెలిగితే తీగ బాగున్నట్టు. దీపమూ వెలిగింది. అయినా ల్యాప్‌టాప్ నుంచి జవాబు లేదు. "పాత సామాను, ఇంతే!" అన్నారు చూసేవాళ్లు. మేం ఒప్పుకోలేదు. ఇన్ని మెట్లు దాటిన కార్డును పాడైందని ఎలా అంటాం? చివరికి చూస్తే ల్యాప్‌టాప్‌లోని ఫైర్‌వాల్ పింగ్‌ను అడ్డుకుంటోంది. అనుమతివ్వగానే వరుసగా నాలుగు జవాబులొచ్చాయి. గది దద్దరిల్లేలా కేక వేశాం.

ఎఫ్‌టీపీతో జాబితా క్షణాల్లో ల్యాప్‌టాప్‌లోకి వచ్చేసింది. కంప్యూటర్ తూకానికి పోలేదు. ఎనిమిదో తరగతి తమ్ముళ్లు దాని మూత విప్పి నేర్చుకుంటున్నారు. ఇంటర్నెట్‌కు మాత్రం కలపం. విండోస్ 98కు భద్రతా సవరణలు 2006లోనే ఆగిపోయాయి.

అన్నలారా, ఆ జాబితాలోని ఊళ్లకే ఉత్తరాలు వేశాం. ఇల్లు మారినవాళ్లుంటే కొత్త చిరునామా పంపండి. మీ పేరు మా దగ్గర భద్రంగా ఉంది.