గన్ను కడిగే వేళ

జులై 3, విజయవాడ ఆటోనగర్

తెల్ల కారు డోర్లకు క్లియర్ కోటు వేయడం అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. కుర్రాడు స్ప్రే గన్ను స్టాండుకు తగిలించి క్యారేజీ అందుకున్నాడు. "తినొచ్చి కడుగుతా బాబాయ్" అన్నాడు. ముందు కడగమన్నాను.

పాత ఎన్.సి. పెయింటు గన్నులో ఎండిపోయినా థిన్నర్ తగిలితే మళ్ళీ కరిగేది. అందుకే మా మేస్త్రీలు పొద్దుపోయాక కడిగినా పని నడిచింది. ఇవాళ్టి క్లియర్ లాంటి టూ-కే పెయింటు సంగతి వేరు. హార్డనర్ కలిసిందంటే గాలి తగలకపోయినా, మూత పెట్టినా లోపల గట్టిపడుతూనే ఉంటుంది. ఒకసారి బిగిసిందా, ఏ థిన్నరూ దాన్ని కరిగించలేదు.

జులై 4

ఇవాళ గన్ను విప్పే వరస చేయించాను. మిగిలిన పెయింటు ఒంపేసి, కప్పులో కాస్త థిన్నర్ పోసి ట్రిగ్గర్ నొక్కాలి. తర్వాత వెనక నాబ్ విప్పి స్ప్రింగు, నీడిల్ బయటికి తీయాలి. నాజిల్‌కు స్పానర్ పెట్టేది ఆ తర్వాతే. నీడిల్ లోపలుండగా నాజిల్ తిప్పితే రెండూ ఒరుసుకుని పాడవుతాయి. బిగించేటప్పుడు నాజిల్ ముందు, నీడిల్ చివర.

క్లియర్ నాజిల్ నోరు 1.3 మిల్లీమీటర్లు. దాని చుట్టూ ఉండే క్యాప్ కొమ్ముల్లో బెజ్జాలూ సన్నమే. పక్క షెడ్డులో వాటిని బ్రేకు కేబుల్ తీగతో పొడుస్తున్నారు, చూస్తే ప్రాణం ఉసూరుమంది. బెజ్జం అంచు కొంచెం చెదిరినా పెయింటు పడే ఫ్యాను ఒక పక్కకు వంగి నెలవంకలా పడుతుంది. మెత్తటి బ్రష్షు, థిన్నర్‌లో నానబెట్టిన టూత్‌పిక్ చాలు. ఫ్యాను వంగితే క్యాప్‌ను సగం చుట్టు తిప్పి అట్టముక్క మీద కొట్టి చూడాలి. వంపు కూడా అటు తిరిగితే మురికి క్యాప్‌లో ఉన్నట్టు, తిరగకపోతే నాజిల్‌లో.

జులై 9

వాన. కంప్రెసర్ కింద డ్రెయిన్ విప్పితే తుప్పు రంగు నీళ్ళు చాలాసేపు కారాయి. ఆ నీళ్ళు గాలితో గన్నులోకి రాకుండా ఈ నెలల్లో పొద్దున, సాయంత్రం రెండు పూటలా వదలాలి.

జులై 12

గన్ను మొత్తాన్ని రాత్రంతా థిన్నర్‌లో ముంచి ఉంచే అలవాటు చాలా షెడ్లలో ఉంది. నీడిల్ చుట్టూ ఉండే ప్యాకింగు అందులో నూనె పోయి బిరుసెక్కి, అక్కణ్ణుంచి గాలి లాగుతుంది. మర్నాడు గన్ను ఉమ్ముతుంది. కడిగాక ప్యాకింగుకూ ట్రిగ్గర్ పిన్నుకూ ఒక్కో చుక్క నూనె వేయాలి, అదీ సిలికాన్ లేనిది. సిలికాన్ తగిలిన చోట పెయింటు నిలవక గుంటలు పడుతుంది.

వాడిన థిన్నర్ కాలవలో పోయనివ్వను. డబ్బాలో కదపకుండా ఉంచితే రంగు అడుక్కి దిగుతుంది. పైన తేరింది మొదటి కడుగుడుకు పనికొస్తుంది.

ఈ గన్నుకూ ఒక కథ ఉంది. అమెరికాలో టొలీడో ఊరి డాక్టర్ డివిల్‌బిస్ గొంతులో మందు చల్లడానికి ఒక చిన్న పరికరం చేశాడు. 1907లో ఆయన కొడుకు థామస్ దాన్నుంచే పెయింటు గన్ను తయారుచేశాడు. మందు పంపిన ఆ దారిలోనే ఇప్పుడు హార్డనర్‌లోని ఐసోసైనేట్ మన ఊపిరితిత్తుల్లోకి పోతోంది. ఉబ్బసం తెస్తుంది. వాసనను బట్టి పసిగడదామంటే కుదరదు. కుర్రాడు ముక్కుకు జేబురుమాలు కట్టుకుని కడుగుతుంటే ఆపి, నా మాస్కూ చేతి తొడుగులూ ఇచ్చాను. స్ప్రే కొట్టేటప్పుడు గొట్టంతో మంచి గాలి అందించే మాస్కే కావాలి, ఆ గాలికి వేరే ఫిల్టర్లూ కావాలి. వచ్చే నెల చీటీ పాడి ముందు అవే కొంటాను, కొత్త గన్ను తర్వాత.