గెలుపు గీత – తోటివాని త్రోవ

కోనసీమలో పుట్టిన వారికి పడవ తరువాత చిరపరిచితమైన వాహనం సైకిలు. గౌతమికి, వశిష్ఠకు, సముద్రానికి నడుమ పరచుకొన్న ఈ పల్లపు నేలలో ఎక్కవలసిన కొండలు లేవు. కాలువ గట్లు, కొబ్బరితోటల మధ్య సన్నని రోడ్లు, అక్కడక్కడ వంతెనలు – ఇదే మా సైకిళ్లు ఎరిగిన లోకం. మోటారు వాహనాలు ఇంతగా పెరిగిన ఈ రోజులలో కూడ చుట్టుపట్ల పల్లెల నుండి సైకిలు తొక్కుకొంటూ కళాశాలకు వచ్చేవారిలో మేమూ ఉన్నాము. కనుక సైకిలు పందెం మాకు కేవలం వినోదం కాదు. నిత్యం చేసే పనిలోని నేర్పును ఏడాదికొకసారి నలుగురి ముందు నిరూపించుకొనే అవకాశం.

గత వార్షిక క్రీడోత్సవంలో ఆ పందెం ఎట్లా ముగిసినదో చదువరులలో చాలమందికి తెలిసే ఉంటుంది. ఆఖరి వంద మీటర్లలో మా తరగతి మిత్రులిద్దరు పక్కపక్కనే వచ్చారు. మైదానం గేటు దగ్గర దారి సన్నబడింది. మోచేతులు తగిలాయి. ఒకరు ముందుగా గీత దాటారు, ఒకరు పడిపోయారు. పడిన మిత్రుని మణికట్టు ఎముక విరిగి ఆరు వారాలు కట్టుతో తిరగవలసి వచ్చింది. "కావాలనే నెట్టాడు" అని కొందరు, "పందెమన్నాక తగలకుండా ఉంటుందా" అని కొందరు వాదించారు. బహుమతి ఇవ్వలేదు, తీర్పు కూడ చెప్పలేదు. ఈ ఏడు కార్యక్రమ పట్టిక నుండి ఆ పందెమే తొలగిస్తారన్న మాట వినవస్తున్నది. అంతకన్న విచారకరమైన సంగతి, ఒకే బెంచీ మీద కూర్చొనే ఆ మిత్రులిద్దరు నేటికీ మాట్లాడుకోవడం లేదు. సైకిలు పందెం వృత్తిగా సాగే దేశాలలో ఇటువంటి చిక్కును ఎట్లా విడదీస్తున్నారో తెలుసుకొని, మాకు తోచినది విద్యార్థి మిత్రులకు, కమిటీ పెద్దలకు విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఫ్రాన్సులో 1903లో మొదలైన టూర్ ద ఫ్రాన్స్ మూడు వారాల పాటు సాగే పందెం. మైదాన ప్రాంతాలలో జరిగే రోజున నూటయాభై, రెండువందల కిలోమీటర్లు తొక్కిన తరువాత కూడ ఆటగాళ్లు గుంపుగానే ముగింపుకు వస్తారు. ముందువాని వెనుక నక్కి తొక్కితే గాలి దెబ్బ తప్పుతుంది, శక్తి మిగులుతుంది. ఎదురుగాలిలో అంతర్వేది దాకా సైకిలు తొక్కిన వారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. అందుచేత ప్రతివాడూ ఆఖరి క్షణం దాకా మరొకని వెనుక దాగి, చివరి రెండు వందల మీటర్లలో ఒక్కసారిగా బయటపడతాడు. అప్పటి వేగం గంటకు డెబ్బై కిలోమీటర్ల పైమాటే. 72 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 20 మీటర్లు. కనురెప్ప వేసి తెరిచేలోగా దారి మూసుకొనిపోతుంది. అటువంటి చోట శరీరాలు తగలకుండా ఉండడం అసంభవం.

అయితే తగలడంలో కూడ తేడాలున్నాయి. సైకిలు నిలబడేది ముందుచక్రాన్ని అటూ ఇటూ సన్నగా తిప్పుకోగలిగినంత సేపే. భుజానికి భుజం, మోచేతికి మోచేయి తగిలినప్పుడు నేర్పరి అయిన ఆటగాడు అటువైపే కొంచెం ఒరిగి నిలదొక్కుకొంటాడు. ఆ అలవాటు కోసం గడ్డినేల మీద ఒకరినొకరు ఒరుసుకొంటూ సాధన చేసేవారు కూడ ఉన్నారు. అదే ఒకని వెనుక చక్రం మరొకని ముందుచక్రానికి అడ్డం వచ్చిందా, ఇక హ్యాండిల్ తిరగదు. వెనుకవాడు పడక తప్పదు. అంటే మోచేయి తగిలినందువలన కలిగే ప్రమాదం కంటె, ముందున్నవాడు దారి మారినందువలన కలిగే ప్రమాదం ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా ఆ దెబ్బ తగిలేది దారి మారినవానికి కాదు, వెనుకవానికి.

ఈ కారణం చేతనే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నియమం మోచేతుల లెక్కతో మొదలు కాలేదు. చివరి పరుగు ప్రారంభించినప్పుడు ఎంచుకొన్న దారిని వదలి పక్కకు జరిగి ఇతరులకు ప్రమాదం కలిగించరాదు – ఇదీ ఆ నియమ సారాంశం. వెలోడ్రోములో జరిగే స్ప్రింట్ పందెంలో ఈ దారి రంగు గీతలతో కంటికి కనబడుతుంది. రోడ్డు మీద గీతలుండవు. ఆటగాడే మనసులో గీచుకోవాలి. మన కాలువ గట్టు మీద సైకిలుకు రెండు వైపుల బొండాల గెలలు కట్టుకొని వచ్చే మనిషిని గమనించండి. అతడు గంట కొడతాడు, కాని అటూ ఇటూ ఊగడు. ఎదురు వచ్చేవాడు అతని దారి చూచి తన దారి సర్దుకొంటాడు. ఒకరి నడక మరొకరికి ముందుగా తెలియడమే ఆ ఇరుకు గట్టు మీద మర్యాద. ప్రపంచ సమాఖ్య కాగితం మీద వ్రాసుకొన్నది కూడ దాదాపు ఈ మర్యాదనే.

ఆటలన్నిటికీ ఒకే కొలత పనికిరాదు. మన అమలాపురం క్రీడాకారుడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి చిరాగ్ శెట్టితో కలిసి 2022 కామన్వెల్త్ క్రీడలలోను, 2023లో హాంగ్‌చౌలో జరిగిన ఆసియా క్రీడలలోను స్వర్ణం గెలిచిన బ్యాడ్మింటన్‌లో ప్రత్యర్థుల మధ్య వల ఉంటుంది; ఆట సాగుతుండగా రాకెట్ ఆ వలను తాకినా తప్పే. కబడ్డీలో పట్టుకోవడమే ఆట. 2024 పారిస్ పారాలింపిక్సులో నంద్యాలకు చెందిన షేక్ అర్షద్ వెలోడ్రోములో పాల్గొన్న పందేలలో పోటీ గడియారంతోనే గాని పక్కవాని భుజంతో కాదు. గుంపుగా వచ్చే సైకిలు పందెం ఈ రెండు కొసలకు నడుమ ఉన్నది. అక్కడ తాకిడి నిషిద్ధం కాదు, లక్ష్యమూ కాదు. కష్టమంతా అందులోనే ఉన్నది.

అచ్చంగా దురుసుతనమైతే తీర్పు సులభం. 2010 టూర్‌లో బూర్-లె-వాలాన్స్ ముగింపు దగ్గర మార్క్ రెన్‌షా అనే ఆటగాడు తన నాయకునికి దారి చేయబోయి, పక్కనున్న జూలియన్ డీన్‌ను తలతో పదేపదే పొడిచి, ఆపైన మరొకని దారికి అడ్డంగా జరిగాడు. ఆ రోజే అతనిని పందెం నుండి పంపివేశారు. కాని 2017 జూలై 4న విట్టెల్‌లో జరిగినది అంత తేలిక కాలేదు. అప్పటికి వరుసగా రెండేళ్లు ప్రపంచ విజేతగా నిలిచిన పీటర్ సాగన్‌కు, కంచెకు మధ్య సందులో నుండి మార్క్ కావెండిష్ రాబోయాడు. సందు మూసుకొనిపోయింది. సాగన్ మోచేయి బయటికి రావడం లోకమంతా చూచింది. కావెండిష్ భుజపుటెముక విరిగింది. ఆ సాయంత్రమే సాగన్‌ను బహిష్కరించారు. అయిదు నెలల తరువాత, డిసెంబరులో, అది బుద్ధిపూర్వకం కాని దురదృష్టకరమైన సంఘటన అని సమాఖ్యే ఒప్పుకొని వివాదాన్ని ముగించింది.

దీని నుండి మేము గ్రహించినది ఒకటే. ఎన్నో కెమెరాలు, న్యాయవాదులు ఉండి కూడ మనిషి మనసులోని మాటను తేల్చడానికి అన్ని నెలలు పట్టింది. మా ఉర్దూ మిత్రులు నియ్యత్ అనే ఆ ఉద్దేశం గీత దగ్గర నిలబడిన న్యాయనిర్ణేతకు కనబడదు. అతనికి కనబడేది చక్రం నడచిన జాడ మాత్రమే. తీర్పు ఆ జాడ మీద చెప్పాలి. మనసు మీద కాదు. "నీవు దారి మారావు, కనుక నీ స్థానం పోయింది" అని చెప్పవచ్చును. "నీవు దుర్మార్గుడవు" అని చెప్పనక్కరలేదు. ఈ రెండు మాటలను వేరు చేసి ఉంటే గెలిచిన మిత్రుడు అవమానపడవలసిన పని లేదు. పడిన మిత్రుడు అన్యాయమైపోయానని కుమిలిపోవలసిన పనీ లేదు.

తప్పు ఎప్పుడూ ఇద్దరి మధ్యనే ఉండదని చెప్పడానికి 2020 ఆగస్టు 5 నాటి పోలండు పందెం సాక్ష్యం. కటొవిట్సెలో ముగింపు దిగుడు రోడ్డు మీద. వేగం గంటకు ఎనభై కిలోమీటర్ల దరిదాపు. ముందున్న డిలన్ గ్రూనెవెగెన్ కుడివైపుకు జరిగి ఫాబియో యాకోబ్సెన్ దారి మూసివేశాడు. యాకోబ్సెన్ కంచెల మీదికి విసిరివేయబడ్డాడు, కంచెలు చెల్లాచెదురయ్యాయి. వైద్యులు అతనిని మత్తులో ఉంచి ప్రాణం కాపాడవలసి వచ్చింది. గ్రూనెవెగెన్‌పై తొమ్మిది నెలల నిషేధం విధించారు. అది న్యాయమే. కాని అంత దిగుడులో ముగింపు గీత గీచినవారి మాట ఏమిటి? పట్టు లేని కంచెలు నిలబెట్టినవారి మాట ఏమిటి? ఆ ప్రశ్నలు గట్టిగా వినబడిన తరువాతనే కంచెల విషయంలో నిబంధనలు బిగించారు. గ్రూనెవెగెన్‌కు మాత్రం చంపుతామన్న బెదిరింపులు కూడ వచ్చాయి. శిక్ష వేరు, కక్ష వేరు. 2022 టూర్‌లో రెండవ రోజు యాకోబ్సెన్ గెలిచాడు. మరునాడే గ్రూనెవెగెన్ గెలిచాడు. దెబ్బ తిన్నవానికీ, శిక్ష అనుభవించినవానికీ కూడ ఆ పందెంలో చోటు మిగిలింది.

ప్రేక్షకులకు కూడ బాధ్యత కలదు. 1994లో అర్మాంతియేర్ ముగింపు దగ్గర ఒక పోలీసు ఫొటో తీయడానికి ముందుకు వంగగా ఆటగాళ్లు అతనిని ఢీకొని ఘోరంగా గాయపడ్డారు. సెల్‌ఫోను పట్టుకొని రోడ్డు మీదికి వచ్చే మన మిత్రులు ఈ ముచ్చట మరువరాదు. 2025 జనవరి నుండి వృత్తి పందేలలో పసుపు కార్డుల పద్ధతి అమలులోకి వచ్చింది. ఆ కార్డు ఆటగానికే కాక జట్టు కార్ల డ్రైవర్లకు, మరికొందరికి కూడ చూపవచ్చును. ఒకే పందెంలో రెండు కార్డులు వస్తే ఆటగాడు తప్పుకోవలసిందే. ఆపైన ఏడు రోజుల నిషేధం. పెద్ద శిక్ష పడేదాకా ఆగకుండ, చిన్న తప్పును చిన్నదిగా ఉండగానే పట్టుకోవడం ఇందులోని తెలివి.

ఈ అనుభవాలను మన మైదానానికి అన్వయించుకొంటే ఖర్చు లేని మార్గాలు కొన్ని తోస్తున్నాయి. ముగింపు గీత గేటు దగ్గర గాని, మలుపులో గాని, గట్టు దిగే చోట గాని ఉండరాదు. వెడల్పైన తిన్నని దారిలో ఉండాలి. చివరి వంద మీటర్లకు సున్నంతో దారులు గీయాలి. ఎవరి దారిలో వారు రావాలి. ఒకేసారి ఇరవైమందిని వదలకుండ ఎనిమిదేసి మందిని వదలాలి. బ్రేకులు సరిచూడాలి, హెల్మెట్ లేనిదే పందెంలోకి రానీయరాదు. 2003లో పారిస్–నీస్ పందెంలో పడిన ఆంద్రే కివిలెవ్ మరణించిన తరువాతనే పెద్దలు ఆ నియమం చేశారు. మనం అంతదాకా ఆగవలసిన పని లేదు. గీత దగ్గర ఒక న్యాయనిర్ణేత, ఎదురుగా నిలిచి దారులు చూచే మరొకరు ఉండాలి. దారి మారిన వానిని తన గుంపులో ఆఖరి స్థానానికి దించి, కారణం అదే రోజు అందరి ముందు చెప్పాలి. తీర్పు కఠినమైనా ఫరవాలేదు, చెప్పకుండ మాత్రం ఉండరాదు. చెప్పని తీర్పును ప్రతివాడూ తనకు తోచినట్లు చెప్పుకొంటాడు. స్నేహాలు చెడేది అక్కడే.

కమిటీ పెద్దలు ఈ విన్నపాన్ని ఆలోచించి, పందెాన్ని పట్టికలో నిలుపుతారని ఆశిస్తున్నాము. పందెం మానిపించడం సులభం. న్యాయంగా నడిపించడం నేర్చుకొనదగిన విద్య. కళాశాల ఉన్నది విద్య నేర్పడానికే గదా!