మా మొదటి మైక్రోప్రాసెసర్

మన హాస్టల్లో పదో తరగతి పాసై, మేము ముగ్గురం 2003లో పాలిటెక్నిక్‌లో చేరాం. తెలుగు మీడియం నుంచి వెళ్ళిన మాకు పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. మాలో ఒకడైతే చదువు మానేస్తానని ట్రంకు పెట్టె కూడా సర్దుకున్నాడు. ఆ వారమే మైక్రోప్రాసెసర్ ల్యాబ్ మొదలైంది.

కంప్యూటర్ ఇస్తారనుకుంటే ఒక బోర్డు ఇచ్చారు. చిన్న కీప్యాడ్, ఎర్రగా వెలిగే అంకెలు, 40 కాళ్ళున్న నల్లని చిప్. అదే ఇంటెల్ 8085. సార్ దాని కథ చెప్పారు. 1969లో బిజికామ్ అనే జపాన్ కంపెనీ కాలిక్యులేటర్లకు చిప్‌లు కావాలని అమెరికాలోని ఇంటెల్‌ను అడిగింది. రకరకాల చిప్‌లు ఎందుకు, ఇచ్చిన ఆజ్ఞలను బట్టి పనిచేసే ఒకే చిప్ చాలన్నాడు టెడ్ హాఫ్. ఫెడెరికో ఫాగిన్, స్టాన్ మేజర్, మసతోషి షిమా కలిసి పనిచేయగా 1971లో 4004 వచ్చింది. గోరంత ముక్కలో సుమారు 2,300 ట్రాన్సిస్టర్లు! 1974లో 8080, 1976లో మా 8085 వచ్చాయి. 1981లో ఐబిఎం పర్సనల్ కంప్యూటర్‌కు 8088 మెదడైంది.

ప్రాసెసర్ చేసే పని ఒక్కటే. మెమరీలోంచి ఒక ఆజ్ఞ తెచ్చుకుంటుంది, అదేమిటో గుర్తిస్తుంది, అమలు చేస్తుంది, తర్వాతి ఆజ్ఞకు వెళుతుంది. లెక్కకు కావలసిన అంకెలను రిజిస్టర్లు అనే చిన్న గళ్ళలో పెట్టుకుంటుంది.

మా మొదటి లెక్క 2కు 3 కలపడం. జవాబు 5 రాలేదు. బోర్డు పాడు చేశామేమోనని చెమటలు పట్టాయి. సార్ చూసి, "చిప్ తప్పు చెయ్యలేదురా, మీరు చెప్పిందే చేసింది" అన్నారు. 80 కొట్టాల్సిన చోట 81 కొట్టాం. 80 అంటే బి రిజిస్టర్‌ను కలపమని, 81 అంటే సి రిజిస్టర్‌ను కలపమని. దిద్దగానే 05 వెలిగింది.

ఆ చిప్ మా ఊరు అడగలేదు, మా ఇంగ్లీషు అడగలేదు. సరిగ్గా చెప్పారా లేదా అన్నదే చూసింది. ఆ రాత్రి ట్రంకు పెట్టె మళ్ళీ మంచం కిందికి చేరింది.

2020లో ఆపిల్ తెచ్చిన ఎం1 చిప్‌లో 1,600 కోట్ల ట్రాన్సిస్టర్లున్నాయి. అయినా అది చేసేదీ ఆజ్ఞ తెచ్చుకోవడం, అమలు చేయడమే. తమ్ముళ్ళూ, తప్పు జవాబు వస్తే లేచి వెళ్ళిపోకండి. ఎక్కడ 81 కొట్టారో వెతకండి.